వేణీ బర్గర్ నూట రెండో తలుపు

వేణీ బర్గర్‌కు నూట ఒక్క ఊళ్ళలో నూట రెండు తలుపులున్నాయి గానీ వంటగది ఒక్కటే, అది తణుకులో ఉంది. ఏ ఊళ్ళో ఏ తలుపు తీసినా ఆ వంటగదే వస్తుంది. అనుమానమున్నవాళ్ళు ఆదోనిలో తలుపు తీసి చూసుకోవచ్చు. ఎదురుగా తణుకు పొయ్యి, పొయ్యి ముందు పంపన వీరవేణి కనిపిస్తారు. ఇందులో వింతేమీ లేదు. రెండో వంటగది కట్టుకునే స్తోమత మొదట్లో లేకపోయింది, స్తోమత వచ్చాక అవసరం లేకపోయింది.

వీరవేణి, ఆమె భర్త చినవెంకన్న మొదట్లో పునుగుల బండి నడిపేవారు. ఒకరోజు పక్క బేకరీలో మిగిలిపోయిన బన్నుల మధ్య వీరవేణి కోడిమాంసం గారె పెట్టి, అల్లం పచ్చడి రాసి ఇచ్చింది. తిన్నవాళ్ళు దాన్ని బర్గర్ అన్నారు. ఆవిడ కాదనలేదు. జనం ఎగబడటంతో ఒక గది అద్దెకు తీసుకుంది. చినవెంకన్న మాత్రం బండి వదలనన్నాడు. బన్నులో గారె పెట్టడమంటే పెళ్ళికొడుక్కి దుప్పటి కప్పి ఊరేగించడమేనని ఆయన అభిప్రాయం.

గది చూడటానికి వచ్చిన ఆకొండి సిద్ధాంతి గారు గుమ్మంలోనే ఆగిపోయారు. "ఒక్క తలుపేమిటమ్మా? బేసి! తలుపులు ఎప్పుడూ సరిసంఖ్యలో ఉండాలి. చివర సున్నా రాకూడదు. అది తప్పి బాగుపడ్డ కొట్టు నేను చూళ్ళేదు" అన్నారు. వడ్రంగి వచ్చి ఉత్తరం గోడకు ఇంకో తలుపు బిగించడం మొదలుపెట్టాడు. ఆ గోడ అవతలి స్థలం పక్కవాళ్ళది. మా వైపు తలుపు తీస్తే మర్యాద దక్కదని వాళ్ళు కేకలేశారు. గొడవెందుకని వడ్రంగి ఆ తలుపును వాళ్ళ వైపు కాకుండా నిడదవోలు స్టేషన్ రోడ్డులోకి తెరుచుకునేలా బిగించాడు. అతని పనితనాన్ని అందరూ మెచ్చుకున్నారు. కాస్త బిగుతుగా ఉందని వీరవేణి అంటే చిత్రిక పట్టి వెళ్ళాడు.

ఆ సాయంత్రమే నిడదవోలు జనం వరసకట్టారు. మరుసటి నెల కొవ్వూరు వాళ్ళు తమకూ ఒక తలుపు కావాలన్నారు. అది మూడోది, బేసి. కాబట్టి నాలుగోది పాలకొల్లులో తెరవక తప్పలేదు. ఎనిమిది తలుపుల దాకా ఇలాగే నడిచింది. తొమ్మిది బేసి, పది చివర సున్నా, పదకొండు మళ్ళీ బేసి కాబట్టి కంపెనీ ఒక్కసారిగా పన్నెండుకు పోవలసి వచ్చింది. వ్యాపార పత్రికలవాళ్ళు దీన్ని దూకుడన్నారు, సిద్ధాంతి గారు శాస్త్రమన్నారు. ప్రతి తలుపు బయటా ఆ ఊరి కౌంటరు, నాలుగు బల్లలు వేశారు. గడప బయట ఆ ఊరి మున్సిపాలిటీ, గడప లోపల తణుకు మున్సిపాలిటీ పన్ను వసూలు చేసుకునేవి. గడప ఎవరిదన్న విషయం మీద ఇప్పటికీ ఉత్తర ప్రత్యుత్తరాలు నడుస్తున్నాయి.

వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగింది. అమలాపురం తలుపులోంచి వాన జల్లు, ఆదోని తలుపులోంచి వడగాలి ఒకేసారి లోపలికి వచ్చేవి. "కారం సాల్లేదు కదక్కా" అని ఆదోని వాళ్ళు, "జర ఉల్లిగడ్డ ఎక్కువెయ్యే" అని జగిత్యాల వాళ్ళు, "ఏటమ్మా ఇది, సప్పగుంది" అని పలాస వాళ్ళు అరిచేవారు. వీరవేణి ఎవరికి తగ్గట్టు వాళ్ళకు చేసి ఇచ్చేది. అలా అయితే పెద్ద కంపెనీ అనిపించుకోలేమని పెట్టుబడి పెట్టినవాళ్ళు చెప్పడంతో ఒక్కటే రుచి ఖాయం చేశారు. ఎవరికీ పూర్తిగా నచ్చకుండా, ఎవరూ కాదనలేకుండా ఉండే రుచి అది. దాన్ని సాధించడానికి ఆరు నెలలు పట్టింది.

ఆ రుచి వీరవేణి చేతిలో ఉందని పరీక్షల్లో తేలింది. అందుచేత ఒప్పందంలో ఆమె కుడిచెయ్యి కంపెనీ ఆస్తిగా రాసుకున్నారు. మిగతా మనిషి ఆవిడ ఇష్టం. ఆ సంతకం కూడా కుడిచేత్తోనే పెట్టింది.

ఒక్క చిక్కు మాత్రం వచ్చింది. జనం వంటగదిని అడ్డదారిగా వాడుకోసాగారు. పిల్లను పలాసలో ఇచ్చిన జగిత్యాల వాళ్ళు చుట్టపుచూపుకు పొయ్యి పక్కనించే నడిచి వెళ్ళేవారు. ఒక పెళ్ళి ఊరేగింపు బాజాభజంత్రీలతో సహా అలాగే దాటిపోయింది. బస్సుల యజమానులు లబోదిబోమన్నారు. ప్రభుత్వం ఆలోచించి ఉత్తర్వు ఇచ్చింది. ఏ తలుపున వచ్చినవారు ఆ తలుపునే పోవాలి. లోపలికి వచ్చేవారి చేతి మీద ఊరి ముద్ర పడుతుంది, అది జీవితాంతం చెల్లుతుంది, మార్చడం కుదరదు. మొదటి ముద్ర వీరవేణికే వేశారు. తణుకు అని చక్కగా పడింది, ఫొటోలు కూడా తీశారు.

తొంభై ఎనిమిది తలుపులైనప్పుడు కంపెనీ ఒక విస్తరణ అధికారిని నియమించింది. అతని పేరు నందకిశోర్. విస్తరణ అంటే విస్తళ్ళు కొనే పనేమోనని వీరవేణి మొదట్లో అనుకుంది. ఒక మధ్యాహ్నం అతను మొహం వెలిగిపోతూ వచ్చాడు.

"మేడం, హైదరాబాద్ మాల్ వాళ్ళు ఒప్పుకున్నారు! రేపు పొద్దున్నే ముహూర్తం. మన చరిత్రలోనే పెద్ద రోజు. కాకపోతే అది తొంభై తొమ్మిదోది, బేసి. అందుకని ఒకటి మూసేస్తున్నాం. అన్నిటికన్నా అమ్మకం తక్కువున్న తలుపు."

"ఏదండి అది?"

"తణుకుది మేడం."

నిజమే. ఆ తలుపు బయటే చినవెంకన్న బండి ఉంది. తణుకు జనం వేడి వేడి పునుగులు తిని, మూతి తుడుచుకుని, బర్గర్ వైపు చూడకుండా ఇళ్ళకు పోతున్నారు.

"అది మూసేత్తే నేనింటికెలా ఎల్తానండి బాబూ?" అంది వీరవేణి.

"వెళ్ళడానికి ఉండదు మేడం. మీ ముద్ర తణుకుది. ఇంకో తలుపున పోతే నేరం. ముందే బయటికి వెళ్ళిపోతే మీరు మళ్ళీ లోపలికి రాలేరు, చెయ్యేమో కంపెనీది. మీకు లోపలే గది ఇస్తున్నాం. ఏసీ కూడా."

"మరి మా ఆయనో?"

"ఆయన మన పోటీదారు మేడం."

వీరవేణి సంపాదించిందంతా గడప ఇవతల ఉంది, ఆవిడ మనిషి గడప అవతల ఉన్నాడు. పరుగున తణుకు తలుపు దగ్గరికి పోయి భర్తకు చెప్పి ఏడ్చేసింది. చినవెంకన్న మూకుడు దించి శ్రద్ధగా విన్నాడు.

"ఏడుపెందుకే? చెయ్యి ఆళ్ళది, మడిసివి నా దానివి. చెయ్యి లోపలెట్టి నువ్వు గడప మీద కూచో. ఇంటికాడ అన్నం వండాను, వంకాయ కూర కూడా ఉంది. నేను పట్టుకొచ్చి పెడతాను" అన్నాడు.

ఆవిడ అలాగే కూర్చుంది. కుడిచెయ్యి లోపల గారెలు తడుతోంది, మిగతా మనిషి బయట కన్నీళ్ళు తుడుచుకుంటోంది. ముహూర్తం ఏర్పాట్లు చూడటానికి వస్తున్న సిద్ధాంతి గారు అది చూసి మండిపడ్డారు.

"హవ్వ! గడప మీద కూర్చుంటారుటమ్మా? లే! లక్ష్మి వచ్చే చోటు!"

విషయం విన్నాక ఆయన నందకిశోర్ని పిలిచి చీవాట్లు పెట్టారు. "మూయడమేమిటయ్యా, తెరవలేవూ? తొంభై తొమ్మిది బేసి, వంద చివర సున్నాలు, నూట ఒకటి బేసి. నూట రెండుకు పో. దివ్యంగా ఉంటుంది."

నందకిశోర్‌కు ఆ లెక్క వినగానే ప్రాణం లేచొచ్చింది. మాల్ కాక ఇంకో మూడు తలుపులు కావాలి. రెండు ఊళ్ళు ఎప్పట్నుంచో వరసలో ఉన్నాయి, ఫోన్ చేయగానే సరేనన్నాయి. మూడోదానికి చోటు దొరకలేదు. తెల్లవారేలోగా దొరక్కపోతే తణుకు తలుపు మూయడమేనని అతను తేల్చి చెప్పాడు.

"మా ఇంట్లో పెట్టండి" అంది వీరవేణి.

అందరూ ఆవిడ వైపు చూశారు.

"మా ఇల్లూ తణుకే, నా ముద్రా తణుకే. తలుపు తీత్తే వంటగది, ఏత్తే ఇల్లు. నడిచే పనే ఉండదు. మా ఆయన కళ్ళ ముందే ఉంటాడు."

వంటగదిలో ఒక్కసారిగా చప్పట్లు మోగాయి. తొంభై ఎనిమిది తలుపుల్లోంచి ఈలలు వినిపించాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వేణీ బర్గర్ ముందు రచ్చ గెలిచి ఆ తర్వాత ఇంటికి వచ్చింది.

మర్నాడు పొద్దున మంచం వెనక గోడకు నూట రెండో తలుపు బిగించారు. గడపకు పసుపు రాసి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టారు. చినవెంకన్నకు ఒక్క సందేహం మిగిలిపోయింది. "సిద్ధాంతి గారండోయ్, మా ఇంటికి నాలుగు తలుపులుండేయి. ఇప్పుడు ఐదయ్యాయి. బేసి కదండి మరి?" అని అడిగాడు. "ఇల్లయితే కదయ్యా బేసి" అన్నారు సిద్ధాంతి గారు, తాంబూలం సంచిలో వేసుకుంటూ.

ఆ తర్వాత పనులు నిబంధనల ప్రకారమే జరిగాయి. ప్రతి శాఖలో నాలుగు బల్లలుండాలి కాబట్టి మంచం తీసేశారు. బయటి వంట ఉండకూడదు కాబట్టి పొయ్యి తీసేశారు. గోడలకు ఎర్ర రంగు వేశారు. పునుగుల బండిని కంపెనీలో కలుపుకుని, ఇంటి యజమాని కాబట్టి చినవెంకన్ననే శాఖ మేనేజర్ని చేశారు. ఆయన మొదట మొరాయించాడు గానీ, ఇక భార్య రోజూ ఇంటికొస్తుందని చెబితే టోపీ పెట్టుకున్నాడు. మొదటి వారంలోనే ఆ శాఖ అమ్మకాల్లో మాల్‌ను దాటేసింది.

ఆ ఆదివారం వీరవేణి పని ముగించుకుని, చేతులు కడుక్కుని, తలుపు తీసి ఇంట్లోకి వచ్చింది. ఇల్లు కిటకిటలాడుతోంది. నాలుగు బల్లలూ నిండిపోయాయి, కిటికీ దగ్గర ఎవరి పిల్లాడో గెంతుతున్నాడు. ఇంత జనం తన చేతి తిండి కోసం తన ఇంటికే వచ్చారని ఆవిడ మనసు పొంగిపోయింది. ఆకలి కూడా వేస్తోంది. నిబంధన అందరికీ ఒకటే కాబట్టి వరసలో నిలబడింది.

వంతు వచ్చింది. కౌంటరు వెనకనించి చినవెంకన్న నేర్పించినట్టే నవ్వి, తల వంచాడు.

"వేణీ బర్గర్‌కి స్వాగతమండి. ఇక్కడే తింటారాండి, పార్సిలాండి?"

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆవిడను అండీ అనడం అదే మొదలు. ఆవిడకు నవ్వొచ్చింది, సిగ్గేసింది, కాస్త గర్వంగానూ ఉంది. పార్సిల్ కట్టించుకుందామనే అనుకుంది గానీ, కట్టించుకుని ఎక్కడికి పట్టుకెళ్ళాలో వెంటనే తోచలేదు. వెనక జనం తొందరపడుతున్నారు.

"ఇక్కడేనండి" అంది.