షాంపూ బిళ్ళలకు బట్టతల సాక్ష్యం

ఆదివారం ఉదయం గుమాస్తా వేసుకున్న ప్లాను చాలా చిన్నది. భార్య తయారుచేసిన షాంపూ బిళ్ళల పెట్టెలు మోసుకెళ్ళి, ప్లాస్టిక్ లేని వస్తువుల ప్రదర్శనలో బల్ల మీద పెట్టాలి. ఇంటికొచ్చి పేపరు చదువుకోవాలి. అతను పనిచేసేది తూనికలు కొలతల ఆఫీసులో. ఉన్నది ఉన్నట్టు చెప్పడం అతని ఉద్యోగం. ఇంట్లోవాళ్ళ ఖర్మ కొద్దీ స్వభావం కూడా అదే. తల విషయానికొస్తే, చెవుల మీద రెండు పాయలు తప్ప మిగతాదంతా నున్నగా ఉంటుంది.

భార్యకు మాత్రం ఆ రోజు చావో రేవో. రెండేళ్ళుగా వంటింట్లో కొబ్బరినూనె, కలబంద గుజ్జు కలిపి బిళ్ళలు పోస్తోంది. సీసా లేదు, మూత లేదు. కాగితం చుట్టి నారతో కట్టడమే. పెద్ద దుకాణం మేనేజరమ్మ స్వయంగా వచ్చి చూసి, నచ్చితే దుకాణంలో సరుకు పేర్చుకునే అర ఒకటి మొత్తం ఇస్తానంది. నచ్చకపోతే ఎప్పట్లాగే చుట్టాలకు ఊరికే పంచిపెట్టుకోవాలి. చుట్టాలు ఇప్పటికే ముఖం చాటేస్తున్నారు.

బల్ల సర్దాక చూసుకుంటే పొడి జుట్టుకు వాడే బిళ్ళలు ఇంట్లోనే ఉండిపోయాయి.

"ఏది ఏ బిళ్ళో మీకు తెలీదు, నేనే పోయొస్తా. మీరిక్కడ కూర్చోండి. ఎవరైనా ఏమైనా అడిగితే..." భార్య ఒక్క క్షణం భర్త ముఖంలోకి చూసింది. "నవ్వండి, చాలు."

గుమాస్తా నవ్వుతూ కూర్చున్నాడు. మొదట వచ్చిన టీచరమ్మ ఒక బిళ్ళ తీసి వాసన చూసింది. "బాగుందే! మీరూ ఇదే వాడతారా?"

"రోజూనండీ. వేరేది ముట్టను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళ నుంచి."

టీచరమ్మ చూపు మెల్లగా పైకెళ్ళి అక్కడే ఆగిపోయింది. బిళ్ళను జాగ్రత్తగా కింద పెట్టి, చేతిరుమాలుతో వేళ్ళు తుడుచుకుని, పక్క బల్ల దగ్గరున్న స్నేహితురాలి చెవిలో ఏదో చెప్పింది.

గుమాస్తాకు విషయం అర్థమైంది. భార్య కష్టం తన నెత్తి మూలంగా మట్టికొట్టుకుపోకూడదు. అతని ఆఫీసులో దేనికైనా సాక్ష్యం చూపించాలి. వెంటనే జేబులోంచి గుర్తింపు కార్డు తీశాడు. ఉద్యోగంలో చేరినప్పటి ఫోటో అది, నెత్తి నిండా ఉంగరాల జుట్టు.

"చూడండమ్మా, ఒకప్పుడు నాకూ ఇంత జుట్టుండేది! మా వంశంలోనే ఉందండీ ఈ..."

వంశం దాకా విన్నవాళ్ళు లేరు. కార్డు అప్పటికే చేతులు మారుతోంది. "ఇది వాడకముందు ఇలా ఉండేవాడట," అందొకావిడ. "పాపం," అన్నాడు ఆవిడ మొగుడు, తన జుట్టు తడుముకుంటూ.

ఇక వంశాన్నే రప్పించక తప్పలేదు. పక్క వీధిలో ఉన్న అన్నకు ఫోన్ చేశాడు. "అన్నయ్యా, అర్జెంటుగా రా. నీ తలతో పని పడింది."

అన్న ఎందుకని అడగలేదు. పెద్దకొడుకును కూడా వెంటబెట్టుకొచ్చాడు. ట్యూబులైటు కింద మూడు తలలు వరసగా మెరిశాయి.

"మీరూ ఈ బిళ్ళలే వాడతారా?" అని టీచరమ్మ భయం భయంగా అడిగింది.

"మా మరదలు ఊరికే ఇస్తుంటే వేరేవి కొంటామా? ఇంటిల్లిపాదికీ ఇవే!" అన్నాడు అన్న గర్వంగా.

జనం రెండడుగులు వెనక్కి తగ్గారు.

సరిగ్గా అప్పుడే ఒక గుమ్మంలోంచి భార్య, ఇంకో గుమ్మంలోంచి మేనేజరమ్మ లోపలికొచ్చారు. భార్యకు ఒక్క చూపుతో అంతా తెలిసిపోయింది. పెట్టె నేల మీద పెట్టేసింది. రెండేళ్ళ చాకిరీ కళ్ళలో నీళ్ళై తిరిగింది.

"ఏమండీ, నవ్వమన్నాను కదా!"

"నవ్వాను. సరిపోలేదు."

మేనేజరమ్మ మాత్రం మూడు తలల చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది. "జుట్టు లేదు కదా, మీకు షాంపూ ఎందుకండీ?"

"జుట్టు పోయినా తల ఉంది కదండీ. అలవాటు కొద్దీ రుద్దుకుంటాం," అన్నాడు గుమాస్తా.

"దురద పుట్టదా? పొట్టు రాలదా?"

"సబ్బు వాడినన్నాళ్ళూ రాలేది. ఇప్పుడు లేదు."

మేనేజరమ్మ గుమాస్తా భార్య వైపు తిరిగింది. "జుట్టున్నవాళ్ళకు మా దగ్గర లెక్కలేనన్ని సరుకులున్నాయమ్మా. లేనివాళ్ళు సిగ్గుపడి ఆ వైపుకే రారు. అర మొత్తం మీదే. బట్టతల బిళ్ళలని పేరు పెట్టండి."

"మరి, పొడవు జుట్టు కోసం చేసినవండీ?" అంది భార్య, నడుము దాకా ఉన్న జడ పట్టుకుని.

"అవి ఎవరైనా చేస్తారు."

ఏడవాలో నవ్వాలో తెలియక భార్య రెండూ చేసింది. గుమాస్తా నేల మీదున్న పెట్టె ఎత్తుకుని, ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు. ఆ రోజు అతను చేసిన తెలివైన పని అదొక్కటే.

సాయంత్రం దుకాణం ఫోటోగ్రాఫరు ప్రకటన కోసం ఇంటికొచ్చి వంశం మొత్తాన్ని వరసగా నిలబెట్టాడు. అన్న రెండో కొడుకుకు నొసటి నుంచి మెడ దాకా ఒత్తయిన జుట్టు. అతన్ని మర్యాదగా పక్కకు జరగమన్నారు.