దెయ్యం కోరిక

సుచిత్ర ఆ ఉదయం అనుకున్నది చాలా చిన్న పని. అనకాపల్లి డిగ్రీ కాలేజీలో సెకండియర్ పిల్లలకు, దెయ్యాల సినిమాల్లో ఆడవాళ్లను ఎలా చూపిస్తారో ఒక గంట చెప్పాలి. పన్నెండింటికి ఇంటికెళ్లి పప్పుచారు తినాలి. అసలీ కోర్సు ఉంచాలో తీసేయాలో ఆ రోజే తేలుస్తానన్నారు ప్రిన్సిపాల్ సూర్యనారాయణమూర్తి గారు. కోర్సు ఎందుకు ఉండాలో ఆమె పద్నాలుగు పేజీలు రాసిస్తే ఆయన మొదటి పేజీ తిప్పలేదు.

సెమినార్ హాల్లో కిటికీలు మూసి, లైట్లు ఆర్పి, "దెయ్యం అనగానే ఆడదే ఎందుకు? మగవాళ్లు చచ్చిపోరా?" అని మొదలుపెట్టింది. కెమెరా జుట్టును ఎలా వాడుకుంటుందో చూపించడానికి ఇందు అనే అమ్మాయిని పిలిచి జడ విప్పమంది. ఆ పిల్ల హుషారుగా జుట్టు ముఖం మీదికి వేసుకుని, ఫోన్ లైటు గడ్డం కింద పెట్టుకుంది. సరిగ్గా అప్పుడే అటెండర్ దేముడు రిజిస్టర్ పట్టుకుని తలుపు తీశాడు.

రిజిస్టర్ గుమ్మంలో పడింది, దేముడు ప్రిన్సిపాల్ గదిలో తేలాడు. "సార్, ఇందమ్మకి దెయ్యం పట్టీసింది. నా కళ్లతో సూసేను."

ఆయన లేచి వచ్చి చూడొచ్చు. చూడకుండా ఇందు ఇంటికి ఫోన్ చేయించారు. సుచిత్ర పరుగున వచ్చి, "సార్, అది పాఠం" అంది.

"పాఠాలు చెబితే వదిలేవి కావమ్మా దెయ్యాలు. ఈ కోర్సు ఇవాళ్టితో సరి. మీరు కాస్త దూరంగా నిలబడి మాట్లాడండి."

ముప్పావుగంటలో ఇందు నాయనమ్మ అప్పలకొండమ్మ, బుచ్చయ్యపేట నుంచి వేపమండలతో ఆటోలో దిగింది. సుచిత్ర నోరు విప్పబోతే "నువ్వుండమ్మా" అని పక్కకు జరిపింది. ఆడవాళ్ల గురించి పాఠం చెప్పే ఆడమనిషి మాట ఆ కాంపౌండులో ఒక్కరూ వినకపోయేసరికి సుచిత్రకు ఒళ్లు మండిపోయింది.

దెయ్యాన్ని వదిలించే ముందు దాని కోరిక అడిగి, తీరుస్తామని మాటివ్వడం ఆ వైపు ఆచారం. వరండాలో ఇందును కూర్చోబెట్టి అప్పలకొండమ్మ మండ ఝాడించింది. "ఎవులే నువ్వు? ఏటి కావాల నీకు? కోడా, సీరా?"

ఇందు ఒకసారి సుచిత్ర వైపు చూసింది. గొంతు బొంగురు చేసి, "కోడొద్దు, సీరొద్దు. మేడమ్ క్లాసు ఆపకూడదు. ఆపితే ఈ పిల్లనొగ్గేసి ప్రిన్సిపాల్ సార్ని పట్టుకుంతాను" అంది.

ప్రిన్సిపాల్ గారు రెండు చేతులూ జోడించారు. "ఆపను తల్లీ. కావాలంటే రెండు సెమిస్టర్లు పెట్టిస్తాను."

ఇదంతా నాటకమని చెప్పేయాలని సుచిత్రకు నాలుక దాకా వచ్చింది. చెబితే కోర్సు పోతుంది.

వేపమండలు ఏరుకుంటూ అప్పలకొండమ్మ సుచిత్ర చెవిలో గొణిగింది. "మడిసి సెప్తే ఎవులింటారమ్మా? నానూ ఓపాలి దెయ్యాన్ని పట్టించుకున్నాను. మా ఇంటాయన సారా మానేసేడు."

సాయంత్రానికి నోటీసు బోర్డు మీద ఆర్డరు పడింది: కోర్సు కొనసాగును, ఆడపిల్లలు జడ వేసుకుని మాత్రమే హాజరు కావలెను.