నీళ్ళ రంగు మీద ఇరుపక్షాల వాదన

ప్రజలందరిదీ అయిన రేడియో ఎవరి పక్షమూ వహించకూడదు. సూర్యుడి పక్షం కూడా! మా ఊరి రేడియోలో "రేపు ఎండ కాస్తుందని కొందరు అంటున్నారు" అని చెప్పడం మొదలుపెట్టాక నా రక్తపోటు దిగివచ్చింది. గొడుగు పట్టుకెళ్ళాలా వద్దా అన్నది ఇప్పుడు పూర్తిగా నా నిర్ణయం. ప్రజాస్వామ్యమంటే ఇంకేమిటి?

ఒకప్పుడు ఎంత దారుణంగా ఉండేది! బస్సులు ఆగిపోతే ఆగిపోయాయనే చెప్పేసేవారు. ఇప్పుడు ఆగాయని ప్రయాణికులు, నడుస్తున్నాయని అధికారులు అంటున్నారని చెబుతారు. ఎవరిది నిజమో స్టాపులో నిలబడి మనమే తేల్చుకోవచ్చు. నేనొకసారి గంటన్నర సేపు తేల్చుకున్నాను.

ఇలాంటి చల్లని రేడియోకి జోర్నిత్సా తలనొప్పి తెచ్చిపెట్టింది. ఉదయం తొమ్మిది గంటల చర్చ పంతొమ్మిదేళ్ళుగా ఆమే నడిపేది. ఈ మార్చిలో మా కుళాయిల్లో తుప్పు రంగు నీళ్ళు వచ్చాయి. క్షమించాలి, వచ్చాయని కొందరన్నారు. ఎగువపేటలో పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. ఆస్పత్రి వరండా నిండిపోయింది. వరండాలకు కూడా రాజకీయాలుంటాయని అప్పుడే తెలిసింది.

జోర్నిత్సా చర్చకు ఇద్దరిని పిలిచింది. ఒకరు నీటి సరఫరా డైరెక్టర్ కలైజియెవ్, రాజధాని సోఫియాలోని పెద్దలకు కావలసినవాడు. రెండోవారు ఎగువపేటలో బానిత్సాలనే జున్ను రొట్టెలు కాల్చి అమ్ముకునే స్తోయ్‌నా అవ్వ. ఆమె మనవరాలు అప్పటికి మూడు రోజులుగా ఆస్పత్రిలోనే ఉంది. చెరి ఏడు నిమిషాలు, ఒక్క సెకను అటూ ఇటూ కాకుండా మాట్లాడించింది. నీళ్ళు స్వచ్ఛంగా ఉన్నాయని ఆయన, పిల్ల నీళ్ళు తాగాకే పడిపోయిందని ఈమె చెప్పారు.

నీళ్ళ రంగు గురించి చర్చ నడిపేవాళ్ళు నోరెత్తకూడదని నియమం. రంగు అనేది అభిప్రాయం కదా! ఆమె ఎత్తలేదు. స్టూడియో పక్కనున్న కుళాయి నుంచి రెండు గ్లాసులు నింపి తెచ్చి ఇద్దరి ముందూ చెరొకటి పెట్టింది.

"తాగండి డైరెక్టర్ గారూ, గొంతు ఆరిపోయి ఉంటుంది."

"ఇప్పుడు దాహం లేదమ్మా."

"మీరు, అవ్వా?"

"పెద్దమనిషి ఉండగా నేనా తల్లీ? ముందు ఆయన్ని తాగనియ్యి."

ఆ తర్వాత పదకొండు సెకన్లు రేడియోలో ఏమీ వినిపించలేదు. నేనప్పుడు మంగలి కుర్చీలో ఉన్నాను. మంగలి కత్తెర ఆపేశాడు. మధ్యాహ్నానికల్లా ఎగువపేటకు మంచినీళ్ళ ట్యాంకర్లు వచ్చాయి. వారం తిరక్కుండా పిల్ల ఇంటికొచ్చింది.

ఇది చాలదూ, పక్షపాతానికి రుజువు? ఆ నిశ్శబ్దం ఒక వైపుకు మొగ్గిందని ఫిర్యాదు అందింది. రేడియో నిష్పాక్షికతను కాపాడే మండలి రికార్డింగును మూడుసార్లు విన్నది. ఆమె ఒక్క తప్పు మాట కూడా అనలేదని ముగ్గురు సభ్యులన్నారు. అనకపోవడమే తప్పని మరో ముగ్గురన్నారు. మండలిలో ఏడుగురం. ఏడోవాణ్ణి నేను.

నా నిష్ఠను గమనించండి. నేను ఎటూ చెయ్యి ఎత్తలేదు! రెండు వైపులా సమానమైతే అధ్యక్షుడి మాటే చెల్లుతుంది. అధ్యక్షుడు కలైజియెవ్‌కు తోడల్లుడు. ఆ సంగతి నాకు తెలుసు. అయితే తెలిసిన సంగతులు మన నిర్ణయం మీద పడకుండా చూసుకోవడమే కదా అసలైన నిష్పాక్షికత!

జోర్నిత్సాను ఆదివారాలు వచ్చే తేనెటీగల పెంపకం కార్యక్రమానికి మార్చారు. తేనెటీగల వైపు నుంచి ఇంతవరకు ఫిర్యాదు లేదు.

నిన్న బజార్లో ఎదురుపడింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే మండలి చేసింది సబబేనని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. ఆమె తిట్టలేదు.

"బాబాయ్, మీ ఇంట్లో నీళ్ళు బాగుపడ్డాయా?" అని అడిగింది.

దీనిపై రెండు అభిప్రాయాలున్నాయని అన్నాను. నా పక్కన నా భార్య రుమ్యానా రెండు చేతుల్లోనూ చెరొక అయిదు లీటర్ల నీళ్ళ సీసా మోస్తూ నిలబడి ఉంది.

"ఎక్కడమ్మా, ఇంకా బురదే," అంది రుమ్యానా. "ఆ రెండో అభిప్రాయం ఎవరిదో నలభై ఏళ్ళ కాపురంలో నాకూ తెలియలేదు."

అని ఒక సీసా నా చేతికిచ్చింది. ఇల్లు చేరేదాకా మోశాను. బరువుగా ఉంది. ఈ విషయంలో అవతలి పక్షం వాదన నాకేమీ తట్టలేదు.