గిలక కట్టిన బోర్డు

ఆ ఉదయం లిఫ్టు మెకానిక్కు ఇంట్లో అందరికంటే ముందు లేచింది అతని ఆశ. ఇన్నేళ్ళుగా జనాన్నంతా పైకి పంపిస్తూ తను మాత్రం ఉద్యోగంలో కిందే ఉండిపోయాడు. ఇవాళ కంపెనీ పెద్దసారు స్వయంగా వచ్చి, మెకానిక్కు పై అంతస్తులో కాపురముంటున్న ఈ ఐదంతస్తుల భవనంలోని లిఫ్టునే పరీక్షిస్తారు. లిఫ్టు కుదుపు లేకుండా పైకి వెళితే ఇతనూ పైకి వెళతాడు, సూపర్‌వైజరు అవుతాడు. అది ఆగిందా, ఇతని బతుకు రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోతుంది.

లిఫ్టుకి నిన్ననే నూనె పెట్టి, తుడిచి, అద్దంలా మెరిపించాడు. ఇక స్నానం చేసి చొక్కా తొడుక్కోవడమే తరువాయి.

"చొక్కా ఎక్కడికీ పారిపోదు గానీ, కాసేపు పిల్లతో ఆడండి," అంది భార్య. ఆవిడ చిన్నపిల్లల బడిలో టీచరు. "గడియారం వంక అలా గుడ్లురిమి చూస్తే ముల్లు భయపడి పరిగెడుతుందా?"

"ఏం ఆడమంటావే?"

"అది ఏం ఆడితే అదే. ఊరికే ఆటేగా అని మాత్రం అనకండి. దానికది ఉద్యోగం. మనం కూడా నిజమని నమ్మాలి. నిజం సామాన్లు చేతికివ్వాలి. మధ్యలో తెంపకూడదు."

పిల్లకి ఐదేళ్ళు. రోజంతా గిర్రున తిరుగుతూ, కిర్రుకిర్రుమంటూ ఉంటుంది గనక తండ్రి దాన్ని గిలక అంటాడు. కొత్త ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె హాల్లో నిలబెట్టి ఉంది. అది గిలక లిఫ్టు. లోపలంతా రంగు పెన్సిలుతో గీసిన బటన్లు. ప్రయాణికురాలు అమ్మమ్మ.

"ఎన్నో అంతస్తండీ?"

"ఏదో ఒకటి నొక్కవే తల్లీ, కాళ్ళు లాగేస్తున్నాయి."

గిలక నొక్కింది. ఝుమ్మంది. ఠక్కున ఆగింది. "నాన్నా, లిఫ్టు పాడైంది!"

ఆ మాట చెవిన పడగానే మెకానిక్కు ఒంట్లో కరెంటొచ్చింది. పదవీ లేదు, పరీక్షా లేదు, పెట్టె ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కూతురికి స్పానరిచ్చాడు, టార్చిచ్చాడు. "అన్నిటికంటే ముందు బోర్డు!" అంటూ సంచిలోంచి అసలు సిసలు కంపెనీ బోర్డు తీశాడు. ఎర్రటి రేకు మీద తెల్లటి అక్షరాలు: 'పని జరుగుతోంది. వాడరాదు.'

"చూడు గిలకా, లోపల మనిషి పనిచేస్తుంటాడు. తెలియక ఎవరైనా లిఫ్టు నడిపితే ప్రమాదం. అందుకని బోర్డు ఎవరు కడితే వాళ్ళే విప్పాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు."

"నువ్వు కూడానా?"

"నేను కూడా."

"పెద్దసారు కూడానా?"

"పెద్దసారు తాతొచ్చినా అంతే!"

గిలక బోర్డుని గుండెకి హత్తుకుంది. తండ్రి స్నానానికి వెళ్ళాడు. అమ్మమ్మ చెత్తబుట్టతో కిందికి బయలుదేరింది. ఆవిడ వెనకే బోర్డుతో గిలకా బయలుదేరింది.

అతను తల తుడుచుకుంటూ వచ్చేసరికి అమ్మమ్మ సోఫాలో అడ్డంగా పడి రొప్పుతోంది.

"ఏమైందత్తయ్యా?"

"ఆట బాబూ... ఆట. లిఫ్టెక్కకూడదట. మెట్లెక్కించింది," అని కళ్ళు మూసేసింది.

కుర్చీల్ని మెట్లనుకుని ఎక్కించింది కాబోలని అతను మురిసిపోయాడు. అంతలో ఫోను మోగింది. మూడో అంతస్తులో ఉండే అపార్టుమెంటు సెక్రటరీ.

"ఏమయ్యా! లిఫ్టుకి బోర్డు వేలాడుతోంది! మా ఆవిడ కూరల సంచితో కింద కూలబడి నన్ను తిడుతోంది. తీరిక చేసుకుని నేను నిన్ను తిడుతున్నాను!"

ఒక చెయ్యి చొక్కాలో, ఒక చెయ్యి గాల్లో పెట్టుకుని మెకానిక్కు మెట్లమీదుగా దూకాడు. కింద లిఫ్టు తలుపుకి తమ కంపెనీ బోర్డే ఉంది. తన బోర్డు పైన అట్టపెట్టెకి ఉందన్న ధీమాతో, సాటి మెకానిక్కెవడో వచ్చి లిఫ్టు అడుగున ఉండే గోతిలో పనిచేస్తున్నాడనుకున్నాడు. తలుపు సందులో నోరుపెట్టి అరిచాడు.

"లోపలెవరు బాబూ?"

ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆఫీసుకి ఫోను చేశాడు. ఎవర్నీ పంపలేదన్నారు. మెకానిక్కు గుండె ఐదో అంతస్తు నుంచి తిన్నగా గోతిలోకి జారింది. "పంపనివాడు వచ్చాడు, పిలిస్తే పలకట్లేదు!"

చుట్టూ ఉన్నవాళ్ళకి ఆ ముక్క చాలు. "లోపలెవరో ఉన్నారట." "స్పృహ తప్పిందట." "ఒకరు కాదు, ఇద్దరట!" ఒకాయన తాడు తెచ్చాడు. ఒకావిడ దుప్పటి తెచ్చింది. ఇంకొకాయన గొడుగు తెచ్చాడు, ఎందుకో ఆయనకీ తెలియదు.

"ఆ బోర్డు పీకి పారేసి, లిఫ్టు పైకి పంపవయ్యా! గోతిలో చూద్దాం!" సెక్రటరీ మీది మీదికొచ్చాడు.

"లోపల మనిషి ఏ చక్రం పట్టుకుని ఉన్నాడో! పంపితే నలిగిపోతాడు. కట్టినవాడే విప్పాలి!" మెకానిక్కు చేతులు బారచాపి తలుపుకి అడ్డం నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే పెద్దసారు కారు దిగారు. పేరుకి తగ్గ మనిషి. ముందు పొట్ట దిగింది, తర్వాత ఆయన దిగారు. సంగతి విన్నారు. బోర్డుని విప్పకుండా, వేలితో మెల్లగా వెనక్కి తిప్పారు. ప్రతి బోర్డు వెనకా దాని మెకానిక్కు నంబరుంటుంది.

"ఇదెవరిది?"

మెకానిక్కు చూశాడు. "నాదే సార్."

"అంటే నువ్వే కట్టి, లోపల నువ్వే పడిపోయావని, బయట నువ్వే ఏడుస్తున్నావా?"

గొడుగాయన ముందు నవ్వాడు. తర్వాత భవనమంతా నవ్వింది. మెకానిక్కు బుర్రలో మాత్రం బల్బు వెలిగింది. "గిలక!"

"గిలక విరిగిందా?"

"కాదు సార్, గిలకంటే మా అమ్మాయి. అదే కట్టింది. ఒక్క క్షణం, విప్పేస్తా..."

"ఆగు. కట్టిందెవరు?"

"మా అమ్మాయి సార్."

"విప్పాల్సిందెవరు?"

మెకానిక్కు చెయ్యి వెనక్కి తీసుకుని భార్యకి ఫోను చేశాడు. "పిల్లని కిందికి పంపవే!"

"రానంటోందండీ. డ్యూటీలో ఉందట. మధ్యలో తెంపకూడదని పొద్దున్నే చెప్పానా?"

పెద్దసారే మెట్లెక్కారు. రెండో అంతస్తులో కోటు విప్పారు. మూడో అంతస్తులో టై విప్పారు. నాలుగో అంతస్తులో నోరు విప్పడం మానేశారు. కోపం మాత్రం మెట్లూ లిఫ్టూ అక్కర్లేకుండానే నెత్తికెక్కి కూర్చుంది. వెనకాల మెకానిక్కు ఎక్కుతున్న మెట్టు మెట్టుకీ అతని పదవి ఒక్కో మెట్టు దిగిపోతోంది.

హాల్లో గిలక సగం పెట్టెలో ఉంది. బయటికి కాళ్ళే కనిపిస్తున్నాయి.

"అమ్మా... ఆ బోర్డు..." అన్నారు పెద్దసారు, ఊపిరి వెతుక్కుంటూ.

"రిపేరు అయిపోవచ్చిందండీ. మనిషినెక్కించి చూడాలి. అమ్మమ్మ పడుకుంది. మీరెక్కండి."

"ఎక్కండి సార్," అంది టీచరు మెల్లగా. "నిజమని నమ్మి ఎక్కండి."

పెద్దసారు పెట్టెలోకి వెళ్ళారు.

"ఎన్నో అంతస్తండీ?"

"ఎక్కడికైనా సరే తల్లీ. నడవమనకు."

గిలక నొక్కింది. ఝుమ్మంది. పెద్దసారు కళ్ళు మూసుకున్నారు. "కుదుపు లేదు," అని గొణిగారు. కాసేపయ్యాక అడిగారు: "ఇంతకీ ఆ పెద్ద లిఫ్టుకెందుకు కట్టావమ్మా?"

"అది దీని అమ్మ కదా! నాకు జ్వరమొస్తే మా అమ్మ బడికి సెలవు పెట్టింది. పిల్ల లిఫ్టుకి బాగోలేకపోతే అమ్మ లిఫ్టు పనికెళ్తుందా?"

టీచరు కొంగుతో ముక్కు తుడుచుకుంది. పెద్దసారు నవ్వబోయి, గోడనుకుని అట్టకి జారగిలబడ్డారు.

ఫట్!

పెట్టె పైనుంచి కిందిదాకా చిరిగింది. పెద్దసారు బటన్లతో సహా నేలమీదికి దిగారు. గిలక పెదవి వంకర తిరిగింది. ఏడుపు గొంతుదాకా వచ్చేసింది.

"లోపం లిఫ్టుది కాదమ్మా, నాదే," అన్నారాయన గబగబా.

గిలక ఆయన్ని ఎగాదిగా చూసింది. "అయితే మీకే రిపేరు చెయ్యాలి."

అందరూ కిందికి దిగారు. గిలక ఒక్క లాగుతో ముడి విప్పింది. లిఫ్టు పైకెళ్ళి, పూలబుట్ట దించినట్టు కిందికొచ్చింది. జనం చప్పట్లు కొట్టారు. గిలక ఆ బోర్డు తీసుకెళ్ళి, వంగమని సైగచేసి, పెద్దసారు మెడలో కట్టింది. పనైపోయిందన్నట్టు తండ్రి భుజమెక్కి, చిటికెలో నిద్రపోయింది.

"పిల్ల పడుకుంది. ఇక తీసేయండి సార్," అన్నాడు సెక్రటరీ.

"కట్టింది మీరా?" పెద్దసారు గుడ్లురిమి మెకానిక్కు వైపు తిరిగారు. "ఇందాక ఇంతమంది మీద పడ్డా నువ్వు పక్కకి జరగలేదు. నేను చూశాను. రేపట్నించి సూపర్‌వైజరువి నువ్వే. ఇదిగో, ఈవిడ లేవగానే ఓసారి ఆఫీసుకి తీసుకురా. మర్చిపోకు."

ఆయన మెడలో 'వాడరాదు' బోర్డుతో అలాగే కారెక్కి వెళ్ళిపోయారు.

గిలక వచ్చేదాకా ఆయన బల్ల మీదికి ఒక్క ఫైలూ రాలేదు. ఆఫీసులో అందరికీ చదువొచ్చు.