గేటంటే అతుకులే కదా

గృహ లోహ పనుల ప్రోత్సాహక విభాగం పెద్దలారా, పుదుచ్చేరి ఒర్లియంపేటలో ఇరుసప్పన్ పొట్ట కొట్టింది మీరే. తుప్పు కాదు, ఉప్పుగాలి కాదు, అతని జాతకం అంతకన్నా కాదు. మీరే.

ఇరుసప్పన్ ఇంటి వాకిట్లో వెల్డింగ్ మిషను పెట్టుకుని గేట్లు, కిటికీ కమ్ములు చేసేవాడు. పని దొరకలేదని ఎవరన్నారు? పని కొల్లలుగా దొరికేది. కూలీ ఇచ్చే పని ఒక్కటే దొరికేది కాదు. ఎవరి కుర్చీ కాలు విరిగినా, ఎవరి సైకిల్ స్టాండు ఊడినా అతని వాకిట్లోనే పడేది.

"ఏంది మామా, చిన్న అతుకే కదా, సుమ్మా, ఊరికే ఏసియ్యి" అనేవాళ్ళు.

చిన్న అతుక్కి కూలీ అడగడం ఆ వీధిలో మర్యాద కాదు. దాహమని వచ్చినవాడికి మంచినీళ్ళిచ్చి డబ్బులడిగినంత తప్పు. (మంచినీళ్ళకు వెల్డింగ్ రాడ్డు కాలదు. మర్యాదలు కనిపెట్టినవాళ్ళు ఇది గమనించలేదు.)

ఇంతలో ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, వచ్చింది. ఆ నెలలో ఎవరూ కొత్త గేటు నిలబెట్టరు. అంతకుముందు పాండిచ్చేరి పేరు పోయి పుదుచ్చేరి అయినప్పుడు ఊళ్ళో బోర్డులన్నీ మారాయి గానీ, వాటి చట్రాలు పైఊరి కాంట్రాక్టరు చేసుకుపోయాడు. ఇరుసప్పన్ భార్య వెళ్ళైయమ్మాళ్ తేల్చి చెప్పేసింది.

"మా అన్న మేట్టుపాళయం ఫ్యాక్టరీలో వాచ్‌మన్ పని మాట్లాడి పెట్టినాడు. ఆడి పోయేలోపల కూలీ పని రాలేదంటే మిషను అమ్మేసి ఆ పనికి పో."

"గేటు చేసేవోణ్ణి, ఇంకొకడి గేటు కాడ నిలబడాల్నా?"

"నిలబడితే జీతమిస్తారు. చేస్తే ఏమిచ్చినారు?"

ఇరుసప్పన్ వైట్ టౌన్‌లోని ప్రోత్సాహక విభాగానికి నడిచాడు. సముద్రం పక్కన పిల్లల పార్కుకు ఇనుప కంచె కట్టించబోతున్నారని, ఆ పని ఇళ్ళలో వెల్డింగ్ చేసేవాళ్ళకే ఇస్తారని విన్నాడు. విభాగం ఆదరంగా చూసింది. గిరాకీని చూసి ఎలా నవ్వాలో శిక్షణ ఇచ్చింది. (గిరాకీని శిక్షణార్థులే తెచ్చుకోవాలి.) ఆ తర్వాత పనితనం పరిశీలించడానికి ఉప సహాయ ప్రోత్సాహకుడు వీరరాఘవన్ స్వయంగా ఇంటికి వచ్చాడు, వ్యాను నిండా కోసిన కమ్ములతో.

"ఏంది సార్ ఇది?"

"మా ఇంటి గేటు."

"గేటు యాడుంది సార్? కమ్ములే కదా ఉండేది!"

"కమ్ములు నావి. కోయించింది నేను. మిగిలింది అతుకులే కదా ఇరుసప్పా. మీ వీధిలో అతుక్కి కూలీ తీసుకోరంట కదా?"

ఇరుసప్పన్ ఆ మాటను నాలుగు వైపులా తిప్పి చూశాడు. ఎక్కడా పగులు లేదు. పైగా కంచె పని మీద ఆశ ఒకటి. మాస్కు దించుకుని గేటు అతికేశాడు.

లోపల్నుంచి వెళ్ళైయమ్మాళ్ అరిచింది. "ఆడిలో గేటు నిలబెట్టకూడదు సార్!"

"నిలబెట్టను లేమ్మా. పడుకోబెట్టి తీసుకుపోతాను."

పరిశీలన ఘనంగా ముగిసిందని విభాగం సంతోషించి ఉత్తర్వు జారీ చేసింది. ఇనుప వస్తువు ఏదైనా కమ్ముల, అతుకుల సముదాయమే. కమ్ములు సరుకు కనుక వాటికి టెండరు ఉండును. అతుకు మర్యాద కనుక అది ఉచితం. కంచె కమ్ములను ఒక డీలరు దగ్గర కొన్నారు. అతుకులకు 'ప్రజా భాగస్వామ్యం' అని పేరు పెట్టి ఇరుసప్పన్‌ను పిలిచారు. మిషను, రాడ్లు అతనే తెచ్చుకోవాలి.

ఆడి ఆఖరి రోజున అతను మిషను బండి మీద తోసుకుంటూ పార్కుకు చేరాడు. షామియానా వేశారు. మైకు పెట్టారు.

"కూలీ ఎంత సార్?" అన్నాడు.

షామియానా కింద అందరూ నొచ్చుకున్నారు. నలుగురిలో ఇలాంటి మాటా!

"అతుక్కి కూలీ ఏంది ఇరుసప్పా?" అన్నాడు వీరరాఘవన్. "శాలువా తెచ్చినాం కదా!"

ఇరుసప్పన్ శాలువా చేతిలోకి తీసుకుని వేళ్ళతో నలిపి చూశాడు.

"ఉడికేదానికి ఎంతసేపు పడతాది సార్ ఇది?"

దాన్ని కుర్చీ మీద పెట్టేసి, బండి వెనక్కి తిప్పాడు. మిషను ఆ వారమే అమ్ముడుపోయింది. ఇప్పుడతను మేట్టుపాళయంలో ఖాకీ చొక్కా వేసుకుని లారీలకు గేటు తీస్తున్నాడు.

కాబట్టి విభాగం వారు ఇప్పుడు చేయవలసింది చెబుతున్నాను, రాసుకోండి. ఆ ఉత్తర్వు చించేయండి. అతుక్కి రేటు కట్టండి. వీరరాఘవన్ గారి గేటు కూలీ ఆయన జీతంలోంచి కోసి, మేట్టుపాళయం తీసుకెళ్ళి ఇరుసప్పన్ చేతిలో పెట్టండి. అతని మిషను అతనికి తిరిగి కొనివ్వండి. ఇవన్నీ అయ్యేదాకా పార్కులో ఆ కమ్ములను విభాగం సిబ్బందే వరుసగా నిలబడి చేత్తో పట్టుకోవాలి. లోపల పిల్లలు ఆడుకుంటారు, అవతల సముద్రం. భోజన విరామం లేదు.