ఫణిశ్రీకి నేర్పిన తప్పులు

నవ్వితే నవ్వండి, మా ఆవిడకి ఇటాలియన్ చెప్పిన మాస్టార్ని నేనే. అప్పటికి నాకు ఆ భాష రాదు. అయినా ధైర్యం చేశాను.

రాయ్‌పూర్ రైల్వేలో వ్యాగన్ల కొక్కేలను సుత్తితో కొట్టి చూడటం నా ఉద్యోగం. అందుకే బీర్‌గావ్‌లో మా వీధివాళ్లు నన్ను ఠక్ ఠక్ నాగబాబు అంటారు. మా ఆవిడ ఫణిశ్రీ నర్సు. మంచాన పడ్డ మా అమ్మ కోసం కొలువు మానేసింది. అమ్మ పోయిన ఏడాదికి, ఇటలీలో వృద్ధాశ్రమం వాళ్లు రమ్మన్నారని చెప్పింది. భాష పరీక్ష నెగ్గితే రెండేళ్లు అక్కడే.

అమ్మ లేని ఇంట్లో ఆవిడ కూడా లేకుండా ఎలా బతకాలో నాకు తెలియదు. వెళ్లొద్దనే మొహం లేదు. అందుకని పరీక్ష పోగొట్టే ఉపాయం వేశాను.

ఆ భాషలో 'లో', 'యొక్క' లాంటి మాటలు పక్కనున్న చిన్న మాటతో అతుక్కుని రూపు మార్చుకుంటాయి. 'ఇన్', 'లా' కలిస్తే 'నెల్లా'. 'ది', 'ఇల్' కలిస్తే 'దెల్'. కొక్కేలు తగిలించే సంగతి నాకే తెలుసని చెప్పి, రోజూ సాయంత్రం అప్పజెప్పించుకోవడానికి కూర్చున్నాను. పుస్తకం నా చేతిలో, దొండకాయలు ఆవిడ చేతిలో.

"ఇన్, లా?"

"నెల్లా."

"తప్పు. ఇన్లా."

"అచ్ఛా? నిన్న నెల్లా అని సదివానండీ."

"నిన్న కూడా తప్పే. ది, ఇల్?"

"మీరే సెప్పండి."

"దిల్. మన హిందీ దిల్లే."

"బాగుంది. ఇటలీవోళ్లకి ఉంది, మీకే లేదు."

తప్పు చెప్పాలంటే ఒప్పేదో తెలియాలి కదా. ఆవిడను చెడగొట్టబోయి నేను మొత్తం నేర్చుకున్నాను.

పరీక్ష రోజు ముందుగదిలో కంప్యూటర్ ముందు ఆవిడ, వంటింటి తలుపు వెనక నేను. ఇంతకుముందు ఎక్కడ పని చేశావని తెర మీంచి పరీక్ష పెట్టేవాళ్లు అడిగారు.

"నెల్లా స్టాన్జా ది మియా సువోచెరా," అంది తడుముకోకుండా.

మా అత్తగారి గదిలో, అని. ఆ తర్వాత చెప్పిందీ నాకు అర్థమైంది. అత్తమ్మ ఆఖరి రోజుల్లో నా చెయ్యి పట్టుకునే నిద్రపోయేది, అంది. తలుపు వెనక నాకు ఏడుపొచ్చింది.

పరీక్ష అయ్యాక అడిగాను. "నేను తప్పులు చెప్తున్నానని ఎప్పుడు తెలిసింది?"

"మొదటి రోజే."

"మరి అనలేదేం?"

"అంటే పుస్తకం మూసేసి లేచిపోతారు. అత్తమ్మ పోయినకాడ్నుంచి మీరు నా పక్కన కూకున్నది ఇప్పుడే కదండీ."

దొండకాయల గిన్నె అందుకున్నాను.

పరీక్ష నెగ్గింది. టికెట్ కూడా వచ్చింది. ఆవిడ వెళ్లేవరకూ రోజూ కూర్చున్నాం. ఈసారి నేను అన్నీ సరిగ్గానే చెప్పాను. ఆవిడే కావాలని ఒక్కొక్కటీ తప్పు చెప్పింది, నేను మళ్లీ మొదటి నుంచి అడిగాను.