రెండో ముందువైపు

పాప ఏ వైపు తిరిగి కూర్చోవాలన్న విషయం మీద మా ఇంట్లో నాలుగో రోజు కూడా చర్చలు ఫలించలేదు.

పాప అంటే మా చిన్న మనవరాలు. ఎనిమిది నెలలది. చర్చల్లో ఒక పక్షం మా కోడలు, రెండో పక్షం మావారు. మావారు రవాణా మంత్రి. మా అబ్బాయి స్వతంత్ర సభ్యుడు, అంటే ఎవరు మాట్లాడుతుంటే వాళ్ల వైపు తల ఊపుతాడు. ప్రజల పాత్ర నాది. అన్నీ వింటాను, అందరికీ వడ్డిస్తాను.

కోడలు ఫిజియోథెరపిస్టు. సోమవారం నుంచి మళ్లీ ఆస్పత్రిలో డ్యూటీకి వెళ్లాలి. రోజూ పిల్లలిద్దరినీ కారులో తీసుకెళ్లి, చిన్నదాన్ని క్రెష్‌లోనూ ఐదేళ్ల పెద్దదాన్ని బడిలోనూ దింపాలి. అందుకని రెండు పిల్లల సీట్లు కొనుక్కొచ్చి కారు వెనక సీటు మీద బిగించింది. పెద్దదాని సీటు ముందుకు చూస్తుంది. పాప సీటు మాత్రం కారు వెనక అద్దం వైపు తిరిగి ఉంటుంది. చిక్కు అక్కడే వచ్చింది. మావారి పార్టీ నినాదం 'చూపు ముందుకే'.

"మంత్రి మనవరాలు వెనక్కి చూస్తూ ఊరంతా తిరిగితే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలమ్మా?" అన్నారు మావారు.

"మీ ముఖం సంగతి కాదు మామయ్యా, దాని మెడ సంగతి. ఈ వయసులో తల బరువు, మెడ లేత. ముందుకు తిప్పి కూర్చోబెడితే గట్టిగా బ్రేకు పడ్డప్పుడు ఒళ్లు పట్టీలకు ఆగుతుంది, తల ఆగదు. వెనక్కి తిరిగి ఉంటే తలనీ మెడనీ వీపునీ సీటే కాచుకుంటుంది."

"ముప్పై ఏళ్లుగా రాజకీయాల్లో ఉన్నాను. ఎన్ని బ్రేకులు పడ్డా నా తల నిలబడే ఉంది."

"మీ మెడకి ఎటు కావాలంటే అటు తిరగడం అలవాటైంది. దానికింకా కాలేదు."

మావారు దీన్ని ప్రశంసగా స్వీకరించారు. ఎంతటి మాటనైనా ప్రశంసగా స్వీకరించగల గుణం వల్లే ఆయన ఇంత పైకి వచ్చారు.

"తాతా, నేను ముందుకే చూస్తున్నాగా. నేను మీ పార్టీయేనా?" అంది పెద్ద మనవరాలు.

"నువ్వు కార్యకర్తవమ్మా," అన్నారు మావారు, దాని తల నిమిరి.

రోజూ సాయంత్రం మావారి ఆదేశం మీద డ్రైవరు పాప సీటును ముందుకు తిప్పేవాడు. రోజూ పొద్దున కోడలు దాన్ని వెనక్కి తిప్పేది. డ్రైవరు ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషి. ప్రభుత్వాలు మారడం అలవాటే గనక ఎవరినీ ఏమీ అనలేదు. నాలుగో రోజు మాత్రం కోడలు, "ఇంకొక్కసారి ఆ సీటు తిరిగిందో, పిల్లలిద్దరినీ తీసుకుని మా అమ్మ వాళ్లింటికి వెళ్లిపోతాను. బస్సులో," అంది.

మావారి ముఖం పాలిపోయింది. రవాణా మంత్రి కదా, ఆ బస్సుల పరిస్థితి ఆయనకు తెలుసు.

సరిగ్గా ఆ వారమే ప్రభుత్వం 'చిన్నారి భద్రతా వారోత్సవం' ప్రకటించింది. కారెక్కే ప్రతి బిడ్డకూ వయసుకు తగిన సీటు ఉండాలన్న మహత్తర ఆశయం మావారిదే. అంటే ఫైలు మీద సంతకం మావారిది. జనానికి పంచబోయే చిన్న పుస్తకం నమూనా పట్టుకుని రవాణా కమిషనరు మా హాల్లోకి వచ్చాడు. వెంట పీఏ.

"మొదటి బొమ్మ చంటిపిల్లలది సర్. ఆ సీటుకి రాసిన ఎత్తూ బరువూ దాటేదాకా వెనక్కి తిరిగే కూర్చోవాలి. కనీసం రెండేళ్లు నిండేదాకానన్నా. రెండోది కాస్త పెద్దవాళ్లు, ముందుకు తిరిగి, ఐదు పట్టీలు బిగించి. మూడోది ఆ సీటూ చాలని పిల్లలు. కింద ఎత్తుపీట లాంటి సీటు వేస్తే పెద్దవాళ్ల బెల్టు మెడ మీద కాకుండా భుజం మీద, పొట్ట మీద కాకుండా తొడల మీద పడుతుంది. నాలుగోది..."

"ఆగండి," అన్నారు మావారు. "మొదటి బొమ్మ చాలా రెచ్చగొట్టేలా ఉంది."

"చంటిపిల్ల సర్."

"చంటిపిల్లే. నా ప్రభుత్వానికి వీపు చూపిస్తోంది."

"తిప్పేద్దామా సర్?" అన్నాడు పీఏ, పెన్సిల్ తీసి.

కమిషనరు పుస్తకాన్ని గుండెకు హత్తుకున్నాడు. "తిప్పకండి సర్. బొమ్మ చూసి జనం నిజంగానే తిప్పేస్తారు."

"మనం చెప్పింది జనం చేస్తారని మీకెవరు చెప్పారు?" అన్నారు మావారు.

అయినా ఆయన మొండివారు కారు. బొమ్మ జోలికి వెళ్లనని మాటిచ్చారు. 'వెనక్కి' అన్న మాట మాత్రం ఉండకూడదన్నారు. గంటన్నర మేధోమథనం, మూడు విడతల కాఫీ తర్వాత కారుకు వెనకవైపు అనేది లేదని తేలింది. ఉన్నవి రెండు ముందువైపులు. చంటిపిల్లల్ని 'రెండో ముందువైపుకు' తిప్పి కూర్చోబెట్టవలెనని పుస్తకం అచ్చయింది. మా కోడలు దాన్ని రెండుసార్లు చదివి, సీటు తిరగనంతవరకు తనకు అభ్యంతరం లేదంది. ఇంట్లో శాంతి నెలకొంది. మా అబ్బాయి రెండు వైపులా తల ఊపాడు.

శాంతి ఒక పూట నిలిచింది. ప్రతిపక్షం వాళ్ల నినాదం 'చరిత్రను చూడండి'. ఆ పార్టీ నాయకుడు మర్నాడు పొద్దున్నే ఒక చంటిపిల్ల సీటు పక్కన నిలబడి, "ఈ దేశంలో పసిపిల్లలంతా మావైపే. పుట్టగానే వెనక్కి చూస్తున్నారు. అబద్ధం నేర్చుకున్నాకే ముందుకు తిరుగుతున్నారు," అని ప్రకటన చేశాడు.

మావారు కాఫీ ముట్టలేదు. మర్నాడే వారోత్సవ ప్రారంభం. కుటుంబ సమేతంగా, మనవరాళ్లను సీట్లలో కూర్చోబెట్టుకుని, రిబ్బను కత్తిరించిన చోటి నుంచి సభాస్థలి దాకా అర కిలోమీటరు ఊరేగాలి. పాప వెనక్కి చూస్తూ ఊరేగితే ప్రతిపక్షానికి ప్రచారం చేసిపెట్టినట్టే. తిప్పితే కోడలు బస్సెక్కుతుంది.

అప్పుడు పీఏ గొంతు సవరించుకున్నాడు. "సర్, సీటు తిప్పక్కర్లేదు. కారు తిప్పుదాం."

"అంటే?"

"ఊరేగింపంతా రివర్సులో వెళ్తుంది సర్. పాప వెళ్లే వైపుకే చూస్తున్నట్టు."

మావారు లేచి వెళ్లి అతని భుజం తట్టారు. నేను కళ్లారా చూశాను. దేశానికి మేధావులు ఎక్కడినుంచి వస్తారో అని నాకెప్పుడూ సందేహంగా ఉండేది.

మర్నాడు పొద్దున ఆరు కార్లు తోక ముందు పెట్టి వరసగా నిలబడ్డాయి. దారి తీయాల్సిన పోలీసులు ఇద్దరూ మోటారు సైకిళ్ల మీద ఉన్నారు. మోటారు సైకిలుకు రివర్సు గేరు ఉండదన్న సంగతి అంతవరకు రవాణా శాఖలో ఎవరికీ గుర్తు రాలేదు. "కాళ్లతో నెట్టుకుంటూ రండయ్యా," అన్నాడు పీఏ. వాళ్లు హెల్మెట్లు సర్దుకుని, కాళ్లు కింద ఆనించి సిద్ధమయ్యారు.

ఇంకో సమస్యను మావారే కనిపెట్టారు. కారు వెనక్కి వెళ్తున్నప్పుడు మామూలుగా కూర్చుంటే ఆయన స్వయంగా వెనక్కి చూసినట్టవుతుంది. అందుకని డ్రైవరు పక్క సీట్లో వెనక్కి తిరిగి మోకాళ్ల మీద నిలబడి, సీటు వీపును కౌగిలించుకున్నారు. కెమెరాలకు అడ్డమని తల ఆనించుకునే దిండు పీకించేశారు. బెల్టు ఆ భంగిమకు అందలేదు. అందినా ఆయన పెట్టుకోరు, చొక్కా ఇస్త్రీ నలుగుతుంది.

కోడలు పెద్దదాన్ని కూర్చోబెట్టి, పాప పట్టీలు బిగిస్తూ డ్రైవరును అడిగింది. "అన్నా, గేరు రివర్సులో ఉందేమిటి?"

"ఊరేగింపు అలాగే అమ్మా."

ఆమె చేతులు ఆగిపోయాయి. "కారు వెనక్కి నడిస్తే పాప ముందుకు తిరిగి కూర్చున్నట్టే కదా మామయ్యా?"

"ఇన్ని రోజులుగా నేను మొత్తుకుంటున్నది అదే కదమ్మా," అన్నారు మావారు సంతోషంగా. అంతలో కెమెరాలు పిలిస్తే కిటికీలోంచి చెయ్యి ఊపడంలో మునిగిపోయారు.

కోడలు పట్టీలు విప్పి పాపను నా చేతుల్లో పెట్టింది. పెద్దదాన్ని దింపి చెయ్యి పట్టుకుంది. ఖాళీ సీటు చూసి పీఏకి చెమటలు పట్టాయి. వేదిక దగ్గర పంచడానికి తెచ్చిన పార్టీ మేనిఫెస్టోలు డిక్కీలో ఉన్నాయి. ఒక కట్ట తీసి చేత్తో తూచి చూశాడు. ఇంచుమించు పాప బరువే ఉంది. దుప్పటి చుట్టి, టోపీ పెట్టి సీట్లో కూర్చోబెట్టాడు. పట్టీలు మాత్రం కోడలి దగ్గర చూసి నేర్చుకున్నట్టే బిగించాడు. పట్టీని గిల్లితే వేళ్లకు మడత దొరకనంత బిగుతు.

"ఈరోజు పాప ఎంత బుద్ధిగా ఉందో," అన్నారు మావారు. కెమెరాల కోసం వంగి దుప్పటికి ముద్దు కూడా పెట్టారు.

ఊరేగింపు కదిలింది. డ్రైవరు మెడ వెనక్కి తిప్పి, నడక వేగంతో, ఎంతో నేర్పుగా నడిపాడు. రెండు వందల మీటర్లు చరిత్రాత్మకంగా సాగింది. ఆ తర్వాత కాళ్లతో నెట్టుకుంటున్న పోలీసుల్లో ఒకతని కాలు పట్టేసి, నడిరోడ్డు మీద ఆగిపోయాడు. డ్రైవరు బ్రేకు వేశాడు.

చిన్న బ్రేకే. మావారి ఒళ్లు సీటు వీపుకు ఆగింది. తల ఆగలేదు.

మేనిఫెస్టోకు ఏమీ కాలేదు. టోపీ కూడా చెదరలేదు. ఆస్పత్రిలో ఎముకల డాక్టరు మావారి మెడకు పట్టీ వేసి, మూడు వారాలు ఫిజియోథెరపీ రాశాడు. మా కోడలు సోమవారం దాకా ఆగకుండా శనివారమే డ్యూటీ మొదలుపెట్టింది.

"మెల్లగా కుడివైపుకు తిప్పండి మామయ్యా."

"తిరగట్లేదమ్మా."

"తిరుగుతుంది. మీకు అలవాటే."

అసలు దెబ్బ మర్నాడు పేపర్లో తగిలింది. మొదటి పేజీలో పెద్ద ఫోటో. ఫోటోలో కారు ఎటు కదులుతోందో తెలియదు. తెలిసిందల్లా కారులో రవాణా మంత్రి మోకాళ్ల మీద నిలబడి వెనక అద్దంలోంచి చూస్తున్నారనీ, సీట్లో టోపీ పెట్టుకున్న మనవరాలు కూడా అటే చూస్తోందనీ. పార్టీ అధ్యక్షుడు ఫోను చేసి ఇరవై నిమిషాలు మాట్లాడాడు. మావారు 'రెండో ముందువైపు' గురించి వివరించబోయారు. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు నాకు వంటింట్లోకి వినిపించింది.

మధ్యాహ్నం ఇంకో ఫోను వచ్చింది. ఈసారి మావారు తలుపు వేసుకుని మాట్లాడారు. బయటికి వచ్చేసరికి ముఖం తేటపడింది.

సాయంత్రం అందరం భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం. పాప నా ఒళ్లో ఉంది. మెడ తిరగదు గనక మావారు కుర్చీతో సహా కోడలి వైపు తిరిగారు.

"పాప సీటు ఇక ఎవరూ ముట్టుకోవద్దు," అన్నారు నెమ్మదిగా.

కోడలు చెంచా కింద పెట్టింది. "నిజంగానా మామయ్యా?"

"అది ఉన్నట్టే ఉండనీ. నేనే మారుతున్నాను. రేపు పదింటికి అవతలి పార్టీలో చేరిక. అందరూ రావాలి."

మా అబ్బాయి తల ఊపాడు. ఈ ఇంట్లో ఒక పసిబిడ్డ మెడ కోసం ఒక మంత్రి పార్టీ మారాడని రేపు జనం చెప్పుకుంటారు గదా అనుకుని నా కళ్లు చెమర్చాయి. కోడలు కూడా ఆయన వైపు చూసి, "థాంక్స్ మామయ్యా," అంది.

మావారు తల పంకించబోయి, కుదరక, చేత్తో సరేనన్నారు. తర్వాత నా వైపు కుర్చీ తిప్పారు.

"డ్రైవరుతో చెప్పు. రేపు పదింటికల్లా పెద్దదాని సీటు వెనక్కి తిరిగి ఉండాలి."